ఒకరికి రెండు బొట్లు

నా చేతులు వణుకుతాయని తెనాలిలో మా వీధి వీధంతా ఒకప్పుడు నమ్మింది. ఇప్పుడు నాకు ఎనభై దగ్గరపడుతున్నాయి. ఈ వయసులోనూ సూదిలో దారం మొదటిసారికే ఎక్కిస్తాను, కాఫీ గ్లాసు అంచుదాకా పోసినా చుక్క ఒలకనివ్వను. అలాంటిదాన్ని, ఇరవై రెండేళ్ళ వయసులో నాకు వణుకు రోగం అంటగట్టారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకే ముందుగానే చెప్పేస్తున్నాను. కెమెరా పట్టుకున్నప్పుడు నా చేతులు ఏనాడూ వణకలేదు.

మాది రేపల్లె. నాన్న బడిపంతులు. అరవైల నడుమ నన్ను తెనాలి సంబంధానికి ఇచ్చారు. అత్తవారిది ఫొటో స్టూడియో. కాలవ వంతెన దిగగానే కింద స్టూడియో, మేడ మీద కాపురం. స్టూడియో పెట్టింది మామగారు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ బయటికి వెళ్ళి ఫొటోలు తీసేది ఆయన. స్టూడియోలో కూర్చోబెట్టి తీసేదీ, చీకటిగదిలో ఫిల్ము కడిగేదీ మా ఆయన. ఇంట్లో కెమెరాలు రెండు. ఒకటి చెక్క స్టాండు మీద నల్లగుడ్డ కప్పుకుని కూర్చునే పెద్దది, దాన్ని గదిలోంచి కదపడానికి లేదు. రెండోది మడత కెమెరా. మూత తెరిస్తే కన్ను తిత్తిలా ముందుకు సాగేది. కంటికి ఆనించుకుని తీయాలి. రీలుకు పన్నెండు ఫొటోలు. మామగారు దాన్ని బీరువాలో అత్తగారి పట్టుచీరల పక్కన దాచేవారు.

కాపురానికి వచ్చిన కొత్తలోనే నన్ను టచింగ్ పనిలో పెట్టారు. సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగెటివ్ మీద గీసి, మొహాల మీది మొటిమలూ మచ్చలూ స్ఫోటకం గుంటలూ కనబడకుండా పూడ్చే పని అది. నెగెటివ్‌లో మొహం బొటనవేలి గోరంత ఉంటుంది. అందులో మచ్చ ఆవగింజలో సగం. పెన్సిలు వెంట్రుకవాసి జరిగినా పెళ్ళికూతురికి మీసం మొలుస్తుంది. నేను పూడ్చిన మచ్చలతో సంబంధాలు కుదిరిన పిల్లలు తెనాలిలో చాలామందే ఉన్నారు, వాళ్ళ మొగుళ్ళు నన్ను క్షమించాలి. అంత పని చేసిన చెయ్యి ఇది. దీన్నే వణుకుతుందన్నారు.

సంగతి ఎలా మొదలైందంటే, మామగారికి ఒక తంటా ఉండేది. సీమంతాలకీ పేరంటాలకీ ఆయన్ని పిలుస్తారు గాని, కెమెరా ఎత్తగానే ఆడవాళ్ళంతా తలలు వంచేసేవారు. పరాయి మగవాడి ముందు మొహమెత్తి ఎలా నిలబడతారు? ప్రింట్లు వేసి చూస్తే వరసగా పాపిళ్ళు. ఊళ్ళో ఏ ఆడమనిషి పాపిడి ఎటు తీస్తుందో నాకు తెలుసు, మొహాలే తెలీవు అని ఆయనే నవ్వేవారు. ఒకనాడు ఆ నవ్వులో మాట కలిపి, నాకిస్తే నేను తీస్తానండి అన్నాను. అత్తగారు మజ్జిగ చిలకడం ఆపి నావైపు చూశారు. మామగారు మాత్రం ఆలోచించారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి, మా ఆయన స్టూడియో వదిలి కదలడానికి లేదు. వెనకవీధిలో ఒక సీమంతానికి కెమెరా నా చేతికిచ్చి పంపారు.

నా పెళ్ళిలో కూడా నేను అంత సంబరపడలేదు. నన్ను చూడగానే ఆ ఇంటి ఆడవాళ్ళు మొహాలెత్తారు, నవ్వారు, ఒకరినొకరు తోసుకుంటూ ముందుకొచ్చారు. వదినగారూ ఇటు చూడండి, పెద్దమ్మగారూ కొంచెం గడ్డం ఎత్తండి అని అందరినీ వరసపెట్టి మర్యాదగా పిలిచాను. అందరూ కుదురుకున్నాక, "ఆఁ, బాగుందండి" అంటూ మీట నొక్కాను. పన్నెండూ అయ్యాక వీధిలో నా నడకే మారిపోయింది.

మర్నాడు ఫిల్ము కడిగారు. పన్నెండింట్లో తొమ్మిది కదిలాయి. ప్రతి ఆడమనిషికీ రెండేసి బొట్లు. ఒకటి నుదుటి మీద, దాని కిందే మసకగా ఇంకొకటి. ముక్కుపుడకలు రెండు, కళ్ళు నాలుగు. ఆ ఇంటి పెద్దావిడ ఫొటోలన్నీ తిరగేసి, "మొగుడు ఒక్కడేగా అమ్మాయ్, రెండు బొట్లెందుకు పెట్టావు మాకు?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ తల ఊపి నవ్వాను, ఇంటికొచ్చి ఏడ్చాను.

ఆ తర్వాత వైద్యాలు మొదలయ్యాయి. అత్తగారు నాకు నెత్తురు తక్కువని తేల్చారు. పొద్దున్నే రాగిజావ, సాయంత్రం ఖర్జూరాలు నానేసిన పాలు. ఆరు నెలలు తిరిగేసరికి జాకెట్లన్నీ బిగుతయ్యాయి, ఫొటోలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. మా ఆయన పద్ధతిగా వెళ్ళారు. మోచేతులు గాలిలో ఉండకూడదు, డొక్కలకి ఆనించమన్నారు. పాదాలు ఎడంగా పెట్టమన్నారు. ఊపిరి సగం వదిలి ఆపమన్నారు. మీటని పొడవకుండా, నిమ్మకాయ పిండినట్టు నెమ్మదిగా నొక్కమన్నారు. స్తంభం ఉంటే స్తంభానికి, గోడ ఉంటే గోడకి ఒరగమన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, కెమెరాని బుగ్గకీ నుదుటికీ గట్టిగా అదుముకోమన్నారు. అన్నీ చేశాను. కెమెరా అడుగున తాడు కట్టి, రెండో కొస కాలికింద తొక్కిపట్టి పైకి బిగలాగితే కదలదని ఎవరో ఆయనకి చెప్పారు. లంగా బొందు కట్టి అదీ చేశాను. పేరంటంలో నా అవతారం చూసి పిల్లలు బొమ్మలాట మొదలవుతుందనుకున్నారు.

స్టాండు పట్టుకెళ్ళొచ్చుగా అంటారు. పేరంటంలో స్టాండు కాళ్ళు పెట్టేచోట నలుగురు ముత్తయిదువులు కూర్చుంటారు. ఫ్లాషు బల్బులు ఎప్పుడో గాని దొరికేవి కావు. వసారా వెలుతురులో తీయాలంటే సెకనులో పాతికో వంతు సేపైనా కెమెరా కన్ను తెరిచి ఉంచాలి. సరిగ్గా ఆ పాతికో వంతులోనే నాకు మూడేది.

ఒక్కటి మాత్రం నేను పట్టుకున్నాను. టచింగ్‌కి వాడే భూతద్దం పెట్టి కదిలిన నెగెటివ్‌లన్నీ వరసగా చూస్తే, బొట్టు కింద బొట్టే గాని, బొట్టు పక్కన బొట్టు ఒక్కదాంట్లోనూ లేదు. చెయ్యి వణికితే అటూ ఇటూ కూడా వణకాలి. నా కెమెరా ఎప్పుడు చూసినా పైనుంచి కిందికే ఎందుకు పోతోంది? మా ఆయన్ని అడిగితే, కెమెరాలో లోపమంటావా అన్నారు. ఏమో, అదేనేమో అన్నాను. అత్తగారు ఆ మాట విని, ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికి ఒకత్తె, అనేసి లోపలికి వెళ్ళిపోయారు. అదే కెమెరాతో మామగారు తీస్తే పాపిట్లో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

ఇలా ఉండగా రెండో ఏడు బాపట్ల నుంచి ఒక మాస్టారు వచ్చారు. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పేవారు, మామగారికి పాత స్నేహం. పది రోజుల్లో ఆయన కూతురికి సీమంతం. వాళ్ళ ఆడవాళ్ళు పరాయివాళ్ళ ముందు మొహం ఎత్తరు కాబట్టి కెమెరా కొనుక్కుని తనే తీసుకుంటానని, మీ మడత కెమెరా ఇస్తారా అని అడిగారు. మామగారు మోకాలు రుద్దుకుంటూ ఆలోచించి, బీరువాలో ఊరికే పడుండేదాన్ని ఇచ్చెయ్యడమే మంచిదన్నారు. కాఫీలు తెస్తూ గుమ్మంలో ఆ మాట విన్నాను. ఆ కెమెరా బాపట్ల వెళ్ళిపోతే ఇక నా బతుకంతా ఒకరు తీసిన మొహాల మీద మచ్చలు పూడ్చడమే. మొహాలెత్తి నవ్విన ఆ ఆడవాళ్ళు నాకు మళ్ళీ కనబడరు. గ్లాసులు బల్ల మీద పెట్టి, ఆ సీమంతం నేను తీస్తానండి అన్నాను.

మాస్టారు తెల్లబోయారు. మామగారు నా చేతుల వైపు చూశారు. నేను టచింగ్ చేసిన నెగెటివ్‌లు ఆయన చాలా చూశారు. ఆ చెయ్యి మీద ఆయనకి ఏ మూలో నమ్మకం ఉండేదనుకుంటాను.

"రీలుకి పన్నెండమ్మా. పన్నెండూ నిలవాలి. ఒక్కటి కదిలినా కెమెరా మాస్టారిది," అన్నారు.

నేను తీసినా కదిలేవేగా అని మాస్టారు నవ్వి ఒప్పుకున్నారు. సీమంతం అయిన మూడోనాడు వస్తాననీ, ఫొటోలైనా పట్టుకెళతాననీ, కెమెరా అయినా పట్టుకెళతాననీ చెప్పి బండికి వెళ్ళిపోయారు. అలాగేనండి అని తల ఊపాను.

సాధన కోసం ఫిల్ము తగలేసే కొంప కాదు మాది. అందుకని పెరటి వసారాలో ఖాళీ కెమెరాతోనే తిప్పలు పడుతున్నాను. మర్నాడు పొద్దున చేపలావిడ వచ్చింది. సముద్రం పక్క పల్లె నుంచి రేపల్లె చేరి, పొద్దుటి బండెక్కి తెనాలి వచ్చి వీధులు తిరిగేది. నెత్తిన గుడ్డ చుట్టకుదురు, దాని మీద గంప. మా వైపు మనిషని నాకు ఆవిడంటే ప్రాణం, పిన్నీ అని పిలిచేదాన్ని. అత్తగారు రొయ్యలకి గిన్నె తేవడానికి లోపలికి వెళ్ళారు. గంప దించకుండానే అలాగే నిలబడు పిన్నీ, ఉత్తుత్తి ఫొటో తీస్తాను అన్నాను. నిలబడింది. ఇటు చూడు, ఆఁ, బాగుంది అంటూ నాలుగైదుసార్లు నొక్కాను.

"నొక్కినప్పుడల్లా నాకు దండం పెడతావేంటి అమ్మాయ్?" అంది.

"దండమేంటి పిన్నీ?"

"తల ఆడిస్తన్నావుగా, గంగిరెద్దల్లే."

నాకు కోపం వచ్చింది. మోచేతులు బిగించి, ఊపిరి బిగించి, కెమెరాని బుగ్గకి అదిమి చస్తుంటే తల ఊపుతున్నానంటుంది. నేనేం ఊపలేదన్నాను. ఆవిడ వాదించలేదు. గంప అరుగు మీద దించి, కెమెరా పక్కన పెట్టమంది. గోలెంలోంచి ఇత్తడి చెంబు నిండా నీళ్ళు ముంచి, తన చుట్టకుదురు నా నెత్తిన పెట్టి దాని మీద చెంబు నిలబెట్టింది. కెమెరాకి బదులుగా వంటింటి గుమ్మంలో ఉన్న పోపులపెట్టె నా చేతికిచ్చింది. ఇప్పుడు నొక్కు అంది. నేను పోపులపెట్టె కంటికి ఆనించుకుని, ఇటు చూడు పిన్నీ అన్నాను. చెంబు కదల్లేదు. నా గెలుపే అనుకుని, "ఆఁ, బాగుంది" అంటూ వేలు నొక్కాను. చెంబెడు నీళ్ళూ నా మొహం మీదుగా, మూత ఊడిన పోపులపెట్టెలోకి పోయాయి.

ఆవాలూ మెంతులూ నీళ్ళలో తేలుతుంటే అలాగే నిలబడిపోయాను. నేను తల ఊపిన మాట నిజమే, నాన్న మమ్మల్ని పెంచిన తీరు అది. పెద్దలు మాట్లాడితే తల ఊపాలి, మనం మాట్లాడితే చివర్న తల వంచాలి. అత్తవారింట్లో ఆ మర్యాద ఇంకా ముదిరింది. అలాగేనండి, అవునండి, చిత్తమండి. నోరు విప్పితే చాలు, తల దానంతటదే కిందికి దిగి పైకి లేస్తుంది. బాగుందండి అన్నప్పుడే వేలు మీట నొక్కేది, అప్పుడే తల దిగేది. నుదుటికి అదుముకున్న కెమెరా తలతోపాటే పోయేది. ఎంత గట్టిగా అదిమితే అంత బాగా పోయేది. మామగారు ఫొటో తీసేటప్పుడు ఎవరికీ అండీ గిండీ అనరు. కదలొద్దు అని ఒక్క కసురు కసిరి నొక్కేస్తారు. పుండొకచోట మందొకచోట అన్నట్టు, తల ఊగుతుంటే ఇన్నాళ్ళూ చేతులకి రాగిజావ పోశాం.

రేపల్లెలో పుట్టి పెరిగాను. గంపలెత్తుకున్న ఆడవాళ్ళని రోజూ చూశాను. వాళ్ళు దారిన పోతూ కబుర్లాడతారు, బేరాలాడతారు, తిట్టుకుంటారు. ఒక్కరూ తల ఊపరు. ఆ సంగతి నాకు అప్పటిదాకా కనబడనే లేదు. మరి మీరు ఔనని ఎలా చెబుతారు పిన్నీ అని అడిగాను.

"నెత్తిన బరువున్నోళ్ళకి మర్యాద నోట్లోనే అమ్మాయ్. తలకాయలో పెట్టుకుంటే చేపలు నేలపాలు," అంది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. బిర్రబిగుసుకోవద్దట. బిగుసుకున్న మెడే ముందు ఊగుతుందట. మోకాళ్ళు కాస్త వదులు చేసి, చూపు దూరంగా ఒకచోట పెట్టి, బరువు నెత్తి మీంచి అరికాళ్ళలోకి దిగిపోతున్నట్టు నిలబడాలట. రొయ్యలిచ్చి, తన చుట్టకుదురు నాకే వదిలేసి, కొంగు చుట్టుకుని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి పెరట్లో నాకు అదే పని. నెత్తిన చెంబు, కంటికి పోపులపెట్టె. తులసికోటకి చెప్పాను బాగుందండి అని. అరటిచెట్టుకి చెప్పాను ఇటు చూడండి వదినగారూ అని. మొదటి రోజు గోలెం సగం ఖాళీ అయింది. నాలుగో రోజుకి మాట అంటున్నా చెంబు నిలిచింది. చుట్టకుదురు చేపల వాసన తలకి పట్టి, మూడుసార్లు కుంకుడుకాయలతో రుద్దుకున్నా పోలేదు. అత్తగారు గుమ్మంలో నిలబడి చూసి, దీనికి వణుకు తగ్గింది గాని పిచ్చి పట్టిందిరా అని మా ఆయనతో అన్నారు. అంతకంటే పెద్ద ఫిర్యాదు ఇంకోటి ఉంది. పిలిస్తే పలుకుతోంది, చెప్పిన పని చేస్తోంది, తల మాత్రం ఊపడం లేదు, ఇదేం పొగరు అని. మా ఆయనకి సంగతి చెప్పాను కాబట్టి నవ్వి ఊరుకున్నారు.

సీమంతం రోజున మామగారూ నేనూ పాసింజరెక్కి బాపట్లలో దిగాం. కెమెరా నా ఒళ్ళో ఉంది. కెమెరా తోలుపెట్టె ఖాళీగా మామగారి సంచిలో ఉంది. మూడోనాడు మాస్టారికి ఇచ్చెయ్యాల్సి వస్తే కెమెరా అందులోనే పోతుంది. మామగారు మాస్టారితో పాటు వీధి వసారాలో కూర్చున్నారు. నేను లోపలికి వెళ్ళాను. పెద్ద హాలు, పెరటి తలుపు తీసి ఉంది, సముద్రపు గాలితో పాటు మంచి వెలుతురు వస్తోంది. మాస్టారి తల్లి పట్టుచీరలో ముందుకొచ్చి ఏ వేడుక ఎప్పుడు తీయాలో, ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టాలో చెప్పుకుంటూ పోయింది. అన్నిటికీ అలాగేనండి అన్నాను, తల నిటారుగా ఉంచి. ఆవిడ మొహం మాడింది. తెనాలి కోడళ్ళకి మెడలు వంగవు కాబోలు అని పక్కావిడతో నాకు వినబడేటట్టే అంది. చెంపలు వేడెక్కాయి. ఇంకోరోజైతే ఆవిడ కాళ్ళ మీద పడేదాన్ని. నెత్తిన గంప ఉందనుకున్నాను. ఎదుటివాళ్ళ నూనె రాసిన తలల మీదుగా, వెనకనున్న గది తలుపు గొళ్ళెం మీద చూపు నిలిపి, మోకాళ్ళు వదులు చేసి మొదటి ఫొటో తీశాను.

తర్వాత గాజులు తొడగడం, పూలజడ, చందనం, వాయినాలు. కడుపుతో ఉన్న పిల్ల నవ్వు ఆగని మనిషి. గాజు ఒకటి బిగుతుగా ఎక్కుతుంటే కిలకిల నవ్వి చెయ్యి లాక్కుంది. అప్పుడే నొక్కాను, అది ఎనిమిదోది. మాస్టారి తల్లి ఫొటో పదకొండోది. ఆవిడ మొహమెత్తి కెమెరాలోకి నేరుగా చూసింది. ఎంత ఠీవిగా ఉందో, అప్పటిదాకా ఆవిడ మీద ఉన్న కోపం పోయింది.

పన్నెండోది హారతి. ముత్తయిదువులంతా వరసగా నిలబడ్డారు. పళ్ళెం ఎత్తారు. ఊపిరి సగం వదిలాను, మీట సగం నొక్కాను. సరిగ్గా అప్పుడు వీధి వసారా నుంచి మామగారి గొంతు వినిపించింది, అయిందా అమ్మా, బండి వేళవుతోంది అని. పెళ్ళయిన నాటి నుంచి ఆ గొంతు వినబడితే నా తల వంగకుండా ఉన్న రోజు లేదు. మెడ వెనక నరం జివ్వున లాగింది. చేపల వాసన వేసే ఆ చుట్టకుదురు నెత్తి మీదే ఉన్నట్టు అనిపించింది. మెడ కదలనివ్వలేదు. మీట రెండో సగం నొక్కి, టిక్కుమన్నాక, "అయిందండి" అన్నాను.

మర్నాడు మా ఆయన చీకటిగదిలో ఫిల్ము కడుగుతుంటే బయట నిలబడ్డాను. నిజం చెప్పొద్దూ, ఆ అరగంట మాత్రం నా చేతులు వణికాయి. ఆయన తడి ఫిల్ము పట్టుకొచ్చి కిటికీ దగ్గర వేలాడదీశారు. భూతద్దం పెట్టి పైనుంచి మొదలుపెట్టాను. ఒక బొట్టు. ఒక బొట్టు. ఒక బొట్టు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటే, చుట్టూ కుంకుమ అంచుతో సహా. నాకు కేక పెట్టాలనిపించింది. ఈలోగా మా ఆయన మెల్లిగా, ఎనిమిదోది చూడు అన్నారు. పిల్ల చెయ్యి నీళ్ళలో ఉన్నట్టు అలుక్కుపోయి ఉంది.

మామగారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చారు. అన్నీ చూశారు, ఎనిమిదోది రెండుసార్లు చూశారు.

"పదకొండు బంగారంలా ఉన్నాయమ్మా. కానీ మాటంటే మాట. ఒకటి కదిలింది," అన్నారు. అనేసి, తోలుపెట్టె ఉన్న సంచి వైపు తిరిగారు.

అలాంటప్పుడు కోడలు చేసేది ఒక్కటే, తల ఊపి వంటింట్లోకి వెళ్ళిపోవడం.

"లేదండి," అన్నాను.

ఆయన ఆగారు. ఆ ఇంట్లో ఆయనకి ఎదురు ఆ మాట అన్నది నేనే మొదటిదాన్ని. భూతద్దం ఆయన వైపు చాచాను.

"కదిలింది ఆ పిల్ల చెయ్యండి. కెమెరా కదల్లేదు. వెనక తలుపు గొళ్ళెం చూడండి. గాజులు తొడుగుతున్నావిడ బొట్టు చూడండి. నేను కదిలితే అవి కూడా కదలాలి."

మామగారు నా చేతిలోంచి భూతద్దం తీసుకున్నారు. వంగి చాలాసేపు చూశారు. గొళ్ళేనికి ఉన్న మేకులు పైకే లెక్కపెట్టారు, నాలుగు. తర్వాత ఆవిడ బొట్టు చూశారు. లేచి, కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు.

"అవును. కదిలింది ఆ పిల్ల. నువ్వు కాదు," అన్నారు.

అత్తగారు మేడ మెట్ల మీంచి, అయితే ఎన్ని అని అడిగారు. పన్నెండూనే అని మామగారు కేకేశారు. ఆ సాయంత్రం నాకు ఖర్జూరాల పాలు బదులు గారెలు వచ్చాయి.

అన్నట్టుగానే ఆ మర్నాడు మాస్టారు వచ్చారు. మామగారు ప్రింట్లు బల్ల మీద వరసగా పరిచారు. మాస్టారు ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టుకుని చూశారు. తల్లి ఫొటో దగ్గర ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఆవిడ మొహం ఇంత నిండుగా తనెప్పుడూ చూడలేదన్నారు. ఎనిమిదోది చేతిలోకి తీసుకుని వదల్లేదు, గాజుల చప్పుడు వినబడుతున్నట్టుందన్నారు. నేను తలుపు పక్కన నిలబడి పొంగిపోతున్నాను. అంతలో ఆయన ఫొటోలు సంచిలో పెట్టుకుంటూ, ఎంత మంచి కెమెరా అండీ ఇది, ఇలా తీసే కెమెరా అయితే ఏమైనా సరే నాకు కావలసిందే అన్నారు. మామగారు బతిమాలించుకునే మనిషి కాదు, పాత స్నేహితుడి మాట తీసెయ్యగలిగే మనిషీ కాదు. ఇరుకున పడ్డారు. తల తిప్పి నావైపు చూశారు.

"ఏమంటావమ్మా?" అన్నారు.

పెద్దవాళ్ళు అలా అడిగేది నీ జవాబు కోసం కాదు, నువ్వు తల ఊపడం కోసం. నా తల మాత్రం అక్కడే ఉంది.

"ఇవ్వనండి," అన్నాను.

మామగారు మాస్టారి వైపు తిరిగి, విన్నారుగా అన్నారు. ఆయన గొంతులో అంత తేలిక నేనెప్పుడూ వినలేదు. కెమెరా ఆ తర్వాత మళ్ళీ పట్టుచీరల పక్కకి పోలేదు. మంచం దగ్గర మేకుకి తగిలించి ఉండేది, నా వైపు. డెబ్బైల చివరిదాకా తెనాలిలో, బాపట్లలో, రేపల్లె చుట్టుపక్కల ఎన్ని సీమంతాలు తీశానో చెప్పలేను. నన్ను రెండు బొట్ల మాటన్న వెనకవీధి పెద్దావిడ తన మనవరాలి సీమంతానికి నన్నే పిలిచింది. వెళ్ళాను, ఒక్కో బొట్టే పెట్టి వచ్చాను.

కానీ ఆ పన్నెండు తర్వాత కొత్త రీల్లో మొదటి ఫొటో సీమంతం కాదు. వారం తిరక్కుండా పిన్నిని పెరటి వసారాలో నిలబెట్టాను. గంప దించి నిలబడు, మొహం బాగా వస్తుంది అన్నాను. దించనంది. గంపతోనే తీశాను. పెద్దది వేసి స్టూడియో అద్దంలో పెడితే, తర్వాత వచ్చినప్పుడు వీధిలో నిలబడి చూసుకుంది. నెత్తిన గంప, గంప అంచున వేలాడుతున్న చేప తోక, నుదుటి మీద ఒక్కటే బొట్టు.

"నువ్వూ కదల్లా, నేనూ కదల్లా," అంది, తల ఊపకుండానే.